తూకానికి రాని ఆకు

ఒజుర్గేతి దాటాక వాన అందుకుంది.
మినీ బస్సుకి అద్దం తుడిచే పుల్ల ఒక్కటే,
అదీ నా వైపు. ముర్మానీ మెడ సాచి
నా అద్దంలోంచి దారి చూస్తూ నడుపుతున్నాడు.

"తోటలెప్పుడొస్తాయి?" అన్నాను.
"గంట నుంచీ తోటల్లోనే ఉన్నాం" అన్నాడు.

నేను బొమ్మల్లో చూసిన కొండలకి
పాపిట తీసి, నూనె రాసి దువ్విన వరసలుంటాయి.
ఇక్కడ ముప్పై ఏళ్లుగా దువ్వెన తగలని తల.
ముళ్లకంప, ఫెర్న్ మొక్కలు, హేజెల్ చెట్ల గుబురు,
లోపలెక్కడో, పిలిస్తే పలకని పిల్లల్లా
ఒళ్లు పెంచేసిన తేయాకు.

ఫ్యాక్టరీకి గోడలున్నాయి, కప్పు లేదు.
లోపల ఒక అంజూర చెట్టు
జీతం లేకుండా కాపలా కాస్తోంది.
యంత్రాలేవీ?
"చీకటి రోజుల్లో విప్పి పాత ఇనుముకి అమ్మేశాం,
కిలోల లెక్కన."

త్సియాలా గోనెసంచి కొప్పెర వేసుకుని వచ్చింది.
డెబ్భై ఆరేళ్లట. పొద వంచి చూపించి
"చాయి" అంది.
"చాయి" అన్నాను నేను.
ఇద్దరం ఉలిక్కిపడి నవ్వుకున్నాం.
మా మధ్య ఉన్న ఒక్క మాటా
ఇద్దరి ఇళ్లలోనూ అరువు సొమ్మే.

తక్కినదంతా ముర్మానీ దయ.
ఆమె దోసెడు మాట్లాడితే
అతను చిటికెడు ఇస్తాడు, వచ్చీరాని ఇంగ్లీషులో.

గోటితో గిల్లాను. మణికట్టు మీద చిన్న దెబ్బ పడింది.
గిల్లకూడదు. వంచితే దానంతటదే విరగాలి,
రెండాకులూ ఒక మొగ్గా.
ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి,
వేళ్లు మాత్రం ఆమెని అడక్కుండానే
పని చేసుకుపోతున్నాయి.
అరగంటకి ఆమె బుట్ట అడుగు కనపడలేదు.
నా గుప్పిట్లో మూడు రెమ్మలు, ఒక చీమ.

రాత్రి అటక మీద పెళ్లినాటి దుప్పటి పరిచి ఆకు ఆరబోసింది.
తెల్లారి, బట్టలు రుద్దే గీతల చెక్క మీద
అరచేతులతో నలపడం నేర్పింది.
మొదట గోరుచిక్కుళ్లు తుంచిన పచ్చి వాసన.
చేతులు నల్లబడి, భుజాలు పీకి,
ఇక చాలనిపించే వేళకి
గదిలోకెవరో మాగిన యాపిల్ పళ్ల గంప దించినట్టు.

అప్పుడు చెప్పింది, నలపడం ఆపకుండా.
ఈసారి ముర్మానీ చిటికెడు కాదు, మొత్తం కొలిచాడు.

బడి మాన్పించి తోటలో దింపినప్పుడు పదకొండేళ్లు.
పైవాళ్లకి కావలసింది ఆకు కాదు, అంకె.
అంకె కోసం ముదురాకు దూశాను, కాడలు కలిపాను,
తూకానికి ముందు నీళ్లు చల్లాను.
ఒకసారి ఒక రాయి కూడా.
ఆ ఏడాది జిల్లాకంతా నేనే మొదటిదాన్ని,
గుండె మీద పతకం గుచ్చారు.
కరెంటు లేని చలికాలం దాన్నిచ్చి
రెండు కట్టల కొవ్వొత్తులు తెచ్చుకున్నాను.

"మరి అప్పుడు మీ ఇంట్లో ఏ టీ తాగేవారు?"

ఆమె చేతులు ఆగాయి.
మా ఆకు మేం తాగలేదు. దుకాణంలో దొరికే పొడి, దుమ్ము.
ఫ్యాక్టరీ చచ్చిపోయిన రెండేళ్లకి
కంచె పక్క పొద కొట్టేద్దామని కత్తితో వెళ్లి
ఊరికే గుప్పెడు తెచ్చి నలిపి చూశాను.
అప్పటికి నాకు నలభై ఆరు.

గాజు గ్లాసులో రాగి రంగు.
పాలు లేవా అని నేను చూసిన చూపు
అనువాదం లేకుండానే ఆమెకి చేరింది.
జ్వరమేమో అన్నట్టు నా నుదురు తాకి చూసింది.

నలభై ఏళ్లుగా, రోజుకి నాలుగుసార్లు
అల్లం దంచి, యాలకులు వేసి, పాలు పొంగించి
ఆకుని మరగబెట్టాను తప్ప
ఒక్కసారీ పలకరించలేదు.
ఈ గుటకలో మొదట వగరు.
తరవాత ఏమీ లేదనిపించింది.
గ్లాసు కింద పెట్టాక వచ్చింది
నాలుక వెనకనుంచి, ఆలస్యంగా, తీపి.

బయల్దేరేటప్పుడు పాత పత్రిక చింపి పొట్లం కట్టింది.
డబ్బు లెక్క తేల్చడానికి
ఎన్ని గ్రాములుంటుందని అడిగాడు ముర్మానీ.
"ఈ ఇంట్లో త్రాసు లేదు" అంది.

బస్సు మలుపు తిరిగేలోగా వెనక్కి చూశాను.
చెయ్యి ఊపుతోందనుకున్నాను.
కాదు, వానలో, కంచె దగ్గర పొద వంచి
ఇంకో మొగ్గ విరుస్తోంది.