నీళ్ళ చప్పుడు

నా పని చప్పుళ్ళు పట్టడం.
కెమెరా వీల్మెర్‌ది, బొమ్మలు నేలీడావి.
నాకు మిగిలింది చీపురుకర్రకు కట్టిన మైకు,
గాలి కొరకకుండా దానికి
అమ్మ అల్లిన లామా ఉన్ని టోపీ.

పట్నం నుంచి వచ్చిన మాగాలీ టీచరు
మొదటిరోజే బల్లమీద మూడు ఫోన్లు పెట్టి అడిగింది:
మీ ఊళ్ళోంచి పోయిందేదైనా చూపించగలరా?
మేం కిటికీ వైపు చూశాం.
పోయింది కిటికీ నిండా ఉంది.

ఆకాశం అంచుదాకా ఉప్పు.
దానిమీద పక్కకి ఒరిగిన పడవలు,
ఎవరో నిద్రమత్తులో విడిచిన చెప్పుల్లా.
మ్యాపులో మాత్రం ఇప్పటికీ నీలం రంగే,
పూపో సరస్సు అనే రాసి ఉంటుంది.
అది ఎండేనాటికి నాకు ఐదేళ్ళు.
గుర్తుందంటే ఉంది, లేదంటే లేదు.
చీలమండల దగ్గరేదో చల్లదనం.
అది నీళ్ళదో,
అమ్మ చెప్పగా చెప్పగా అంటుకున్న తడో.

సినిమాకి పేరు కోసం మూడురోజులు కొట్లాడుకున్నాం.
భూగోళాన్ని కాపాడండి, అన్నాడు వీల్మెర్.
నేలీడా ఫక్కున నవ్వింది:
భూగోళం ఇల్లెక్కడో నాకు తెలీదురా,
మా తాత వల ఎక్కడుందో తెలుసు.
అది కోళ్ళగూటి మీద కప్పి ఉంది.

సెనోబియో తాతని పడవలో కూర్చోబెట్టాం.
యాక్షన్, అన్నాడు వీల్మెర్.
తాత లేవలేదు.
వేలు నోట్లో తడిపి పైకెత్తి చూశాడు.
ఈ గాలికి పడవ తియ్యకూడదు, అన్నాడు.
చుక్క నీళ్ళు లేని సరస్సులో
మంచిగాలి కోసం
రెండురోజులు ఆగాం.

మూడోరోజు తాత గెడ వేశాడు.
ఉప్పులో అది దిగిన ప్రతిసారీ
వేయించిన మొక్కజొన్న నమిలినట్టు కరకర.
నాకు కావలసింది అది కాదు.
నీళ్ళ ట్యాంకరు మంగళవారాలే వస్తుంది.
రెండు చెంబులిస్తా, మళ్ళీ పులుసులోకే రావాలి, అంది అమ్మ.
గిన్నెలో పోసి కదిపితే గిన్నె మోగింది.
ఫోన్లో వెతికితే సముద్రాలు దొరికాయి.
నానమ్మ విని మొహం చిట్లించింది:
ఇదెవరిదో, మనది కాదు.

ఆ సాయంత్రం తాత నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు.
పెదాలు తెరిచీ తెరవనట్టు పెట్టి
ముందు రెల్లు కదిలించాడు,
తర్వాత ఒక బాతు రెక్క దులిపింది,
తర్వాత పడవ అడుగున
ఎవరో లోపలికి రానిమ్మని తట్టినట్టు
గుబుక్... గుబుక్...
పదకొండు నిమిషాలు.
హెడ్‌ఫోన్లలో నా చెవులు తడిశాయి.
ఇది తెల్లవారుజామున చప్పుడు, అన్నాడు దగ్గుతూ,
మధ్యాహ్నానిది వేరు. రేపు రా.

ప్రదర్శనకి సరిపడే గోడ ఊళ్ళో లేదు.
ప్రొజెక్టరుని లారీ కప్పుమీద కట్టి
ముఖం నేలకి దించాం.
అంత తెల్లటి తెర ఇంకెక్కడుంది?
నేలీడా నాలుగువందల కాగితాల మీద
సుద్దతో గీసిన నీలం
ఉప్పుమీద కదలడం మొదలెట్టింది.
స్పీకర్లలో తాత నోరు.

పిల్లలు కేకలేస్తూ పరిగెత్తారు.
వెలుగు అంచు దగ్గర ఠక్కున ఆగి
చెప్పులు విప్పారు,
ప్యాంట్లు మోకాళ్ళదాకా మడుచుకున్నారు.
ఎవరూ చెప్పలేదు.
ఒక పిల్లాడైతే
చెల్లెల్ని చంకనెత్తుకుని దిగాడు.

వెనక చీకట్లో మా రూఫీనో బాబాయి నిలబడి ఉన్నాడు.
ఎగువన గనులకి నదిని మళ్ళించే గేట్ల దగ్గర ఉద్యోగం.
చప్పట్లు కొట్టలేదు. ఏడవలేదు.
పొద్దున కాఫీ తాగుతూ, ఎటో చూస్తూ అన్నాడు:
మా ఆఫీసు గోడకి మొన్నే సున్నం కొట్టారు.
పెద్ద గోడ.
అమ్మ రొట్టె అందించబోయి ఆగిపోయింది.
వీల్మెర్ అప్పుడే లారీ అద్దె లెక్కేస్తున్నాడు.

నేను బ్యాటరీ ఛార్జి పెట్టుకున్నాను.
మధ్యాహ్నం అవుతోంది.
పడవలో తాత
వేలు తడిపి
పైకెత్తి చూస్తున్నాడు.