మూడు మీటర్లు అటూ ఇటూ

నైటు డ్యూటీ దిగి
చేతులకింకా డెట్టాలు వాసన వదలకముందే
కనిగిరి కొండకింది నగరవనంలోకి దూరాం
నేనూ, మా ల్యాబులో చేసే రమీజా.

టిక్కెట్ల గది తలుపుకి తాళం లేదు,
తలుపే లేదు.
పిల్లల జారుడుబల్ల మీద
తొండ ఒకటి దండీలు తీస్తోంది.
నిధులు లేక వదిలేసిన పార్కులో
నిధి వెతకడానికొచ్చినవాళ్లం
మేమే అయ్యుంటాం ఈ ఏడాదికి.

రమీజా ఫోనులో అంకెలు:
ఉత్తరం పదిహేను డిగ్రీల ఇరవై నాలుగు,
తూర్పు డెబ్బై తొమ్మిది, ముప్పై.
ఎవరో, ఎప్పుడో, ఒక డబ్బా దాచి
ఆ చోటుకి అంకెల పేరు పెట్టి పోయారంట.
దొరికితే లోపలి పుస్తకంలో సంతకం పెట్టాలి,
ఒకటి తీసుకుంటే ఒకటి పెట్టాలి,
మళ్లీ అక్కడే దాచేయాలి.
"అంతేనా?"
"అంతే" అంది, చున్నీ నడుముకి బిగించి.

దారి కొంతదూరం మాతో వచ్చి
బలుసు పొదల్లో పడుకుండిపోయింది.
బాణం గుర్తు మాత్రం ముందుకే పొమ్మంటుంది.
ముందు పరికి కంప,
దాని వెనక సర్కారు తుమ్మ.
ఫోనుకేం, దానికి చర్మం లేదు.
ఉత్తరేణి గింజలు అంచుకంతా అంటుకుని
మాతోపాటే బయల్దేరాయి.

మేకల్ని తోలుకొచ్చిన అవ్వ
కాసేపు మమ్మల్ని చూసి చూసి
"ఏం పారేసుకున్నారమ్మే?" అంది.
"ఏం లేదవ్వా."
"పారేసుకోకండా ఎతకడమేంది?"

రాత్రంతా నేను వెతికింది నరాలు.
ఎండిపోయిన చేతుల్లో, సూదిమొనతో,
ఈ చెయ్యి కాదు ఆ చెయ్యి ఇమ్మని.
అవి దొరికి తీరాలి.
ఇది దొరక్కపోయినా ఎవరూ చావరు.
అందుకే వచ్చానని
అవ్వకెట్లా చెప్పేది?

మూడు మీటర్లు, అని ఆగింది ఫోను.
ఇంక దానికేం తెలీదు.
మూడు మీటర్లంటే ఒక గది.
గది నిండా రాళ్లు, ఎండుటాకులు,
పాము ఉన్నా లేకున్నా పాము.
కర్రతో తట్టి తట్టి
చివరికి చేతులే పెట్టాం.

కలివి పొద మొదట్లో
మూడు పలకరాళ్లు, ఒకదాని మీదొకటి.
రాళ్లు వాటంతటవి అంత బుద్ధిగా ఉండవు.

బోర్నవిటా డబ్బా,
రెండు పాలిథిన్ సంచుల్లో.
లోపల ఏనుగు బొమ్మ రబ్బరు,
చెల్లని పావలా, తాళంలేని తాళంచెవి,
తడిసి ఆరి పెళుసెక్కిన పుస్తకం.
ఒంగోలు వాళ్లెవరో నలుగురు,
బైకు మీద శ్రీశైలం పోతూ ఆగినతను,
చివరి సంతకం మూడేళ్ల కిందటిది.

ఆ తర్వాత పేర్లు లేవు.
వేలిముద్రలు.
ఒకదాని కింద ఒకటి, పదిహేడు.
కొన్ని మసితో, కొన్ని ముదురు ఊదా రంగులో.
రమీజా ముక్కు దగ్గర పెట్టుకుని
"కలివి పండు" అంది.
ఆఖరుది ఇంకా జిగురుగానే ఉంది.

మొత్తానికి ఈ మనిషి ఏం తీసుకున్నాడో తెలీదు.
పెట్టింది మాత్రం
అడుగున దొరికింది:
చెమ్మ పీల్చడానికి గుడ్డలో కట్టిన
గుప్పెడు బొగ్గులు.

నేను జేబులో పెన్ను తీసి
మళ్లీ లోపల పెట్టాను.
పొదలో ఒక పండు కోసి చిదిపి
బొటనవేలు అద్దాను. పద్దెనిమిది.
రమీజా ఏనుగుని తీసుకుని
కొత్త పెన్సిలు పెట్టింది.

గేటు దగ్గర మాలకొండయ్య,
నెలనెలా మా ఓపీలో కీళ్ల నొప్పికి నిలబడేవాడు,
ఫ్లోరిన్ నీళ్లు వంచేసిన నడుముతో
ఎప్పుడూ నేలనే చూసేవాడు.
జీతం ఆగి ఎన్నాళ్లయిందో,
చీపురు మాత్రం చేతిలోనే ఉంది.

నా వేలు చూశాడు.
నేను అతని వేలు చూశాను.

"మూత గెట్టిగా పెట్టారా మేడం?
రేత్తిరికి వానొచ్చేటట్టుంది."