రెండు ఏటవాలు గీతలు

ఉలాన్‌బాతర్‌లో మైనస్ ముప్పై.
వేడినీటి గొట్టాల పటం గీయాలి నొమిందారి.
చేతికొచ్చింది మాత్రం బొమ్మ కాదు, రాత:
రిటైరైపోయిన దులమ్‌సురేన్ టైపు చేసి వెళ్ళిన
నాలుగువేల పంక్తులు.
బాయిలర్ నుంచి బాణం, బాణం కొసన వాల్వు,
వాల్వు నుంచి మళ్ళీ బాణం.
పెద్ద వాల్వులకి తన గుర్రాల పేర్లు పెట్టుకున్నాడు.

పార్సర్ మొండిఘటం.
ఆరొందల పన్నెండో పంక్తిలో సెమికోలన్ లేదని
అలిగి కూర్చుంది.
అక్కడ ముసలాయన టీకి లేచాడేమో.

పెట్టేసింది.
తెర మీద చుక్కలు మొలిచాయి,
ఒకదాన్నొకటి తోసుకుని, సర్దుకుని.
గీతలు చిక్కు విప్పుకున్నాయి.
బాగుంది. బాగుందనే అనుకుంది,
ఫైలు మూయబోతూ ఆ మాట చూసేదాకా:

// ఈ మూత కింద పిల్లలు పడుకుంటారు.
// ఆవిరి మెల్లగా వదలండి.

కామెంట్లు కనిపిస్తే వదిలెయ్యమని
పార్సర్‌కి నేర్పింది తనే,
పోయిన మంగళవారం, ఒక్క పంక్తిలో.

ఉప్పు టీ మీద మీగడ కట్టింది.
వ్యాకరణం ఫైలు మళ్ళీ తెరిచింది నొమిందారి.
ఆ చుక్కకి ఏ రంగు వెయ్యాలో
ఇంకా తేలలేదు.