ఒక్క ముల్లు

కరూలో కరువుకిది మూడో ఏడు.
ముళ్ళకు మాత్రం కరువు లేదు,
కంచె మీద, గొర్రె ఉన్నిలో, నా బూటు అడుగున.
నాకు పని పడింది వేరే ముల్లుతో:
ఇసుక ఫిల్టర్ నెత్తిన, గాజు కంటిలో
వణికే సన్నటి ఎర్రముల్లుతో.

మునిసిపాలిటీ నుంచి ఫోర్టాయిన్ గారొచ్చి
గేటు తాళం నా చేతిలో పెట్టి
"శనివారం బడిపిల్లల ఈత పోటీ, ఆంటన్" అన్నాడు.
అప్పటికి సోమవారం.
పూల్ వైపు చూడకుండానే కారెక్కాడు.

చూస్తే మాత్రం ఏముంది?
నీళ్ళు కావవి, పెసరపిండి జారు.
మెట్లు మూడోదానితో ఆగిపోయాయి,
నాలుగోది ఉందని నమ్మాలి.
కప్పలు నన్ను
కొత్తగా దిగిన అద్దెవాణ్ణి చూసినట్టు చూశాయి.

తోడి పారబోస్తే ఒక్కరోజు పని.
మళ్ళీ నింపడానికి నీళ్ళేవి?
ఊళ్ళో మనిషికి రోజుకు రెండు బకెట్లు.
రోగిని మార్చలేం గదా,
ఉన్న నీళ్ళకే వైద్యం.

ముందు కప్పలు.
తడి గోనెలో, రెండు దఫాలుగా,
గాలిమర కింది గొర్రెల తొట్టికి.
పగలు క్లోరిన్ పోస్తే ఎండే తాగేస్తుంది,
అందుకని పొద్దు వాలాక.
నీళ్ళలో పొడి పోయాలి,
పొడి మీద నీళ్ళు పోయకూడదు.
పని నేర్పిన కార్నీలియస్ ముసలాడు
నాకు చెప్పిన నీతి ఇదొక్కటే,
తక్కినవన్నీ బూతులు.

తెల్లారేసరికి పచ్చదనం చచ్చింది.
శవం మాత్రం లేవలేదు.
చచ్చిన పాచి రంగు మారుతుంది, చోటు మారదు,
పూలంతా బూడిద కలిపిన మజ్జిగ.
ఇక మోసుకెళ్ళాల్సింది ఫిల్టరే.

ముల్లు డెబ్బై మీద ఉంటే
దానికి ఊపిరాడుతున్నట్టు.
నలభై నిమిషాలకు నూట ముప్పై.
మోటారు ఆపు, పిడి తిప్పు, వెనక్కి కక్కించు.
గాజుగొట్టంలో ముందు కషాయం,
తర్వాత గంజి, తర్వాత తేట.
ఆపు, తిప్పు, మళ్ళీ మొదలు.
ముప్పై నిమిషాలకు నూట ముప్పై.

కక్కిన ప్రతిసారీ నీళ్ళు
కాలవలో పడి పోతుంటే
తల దించుకుని నిలబడ్డాను.
కంచె అవతల డొరోతియా అవ్వ, రెండు డబ్బాలతో.
"అవి నాకు పట్టు."
"తాగకూడదవ్వా."
"తాగుతానని ఎవడన్నాడు? దొడ్లో పోసుకుంటా."

రాత్రి పదికి డబ్బాలు పదిహేడు.
పెయింటు టిన్నులు, పసిపిల్ల స్నానపు తొట్టి,
చక్రం ఊడిన తోపుడుబండి.
ఒకడు టార్చి పట్టి ముల్లు చదివేవాడు:
"నూట పది! నూట ఇరవై, మామా!"
నా ఫిల్టర్‌కు వాంతి ఎప్పుడవుతుందా అని
వీధి వీధంతా కాచుకుని కూర్చుంది.

బుధవారం మధ్యాహ్నం
పది నిమిషాలకే ముల్లు ఎగిరింది.
మూత విప్పాను.
ఇసుక గడ్డకట్టి బెల్లం అచ్చుల్లా ఉంది.
ఎండిన వాగు నిండా ఇసుకే,
మెత్తనిది, దీనికి పనికిరాదు.
భుజందాకా చెయ్యి దింపి
ఒక్కో గడ్డా చిదుపుతుంటే
వేళ్ళకు తగిలింది ఒక పాప జడక్లిప్పు,
నీలం రంగు, ఇంకా మూసే ఉంది.
మోటారు మీద పెట్టాను. ఎవరూ అడగలేదు.

శుక్రవారం ఆఖరి పరీక్ష.
లోతు వైపు ఒక రాండ్ నాణెం విసిరాను.
బొమ్మో బొరుసో చెప్పగలిగితే
పిల్లల్ని దింపొచ్చు.
గంతు వేయబోతున్న జింక,
కొమ్ములతో సహా.

నాణెం అక్కడే ఉండిపోయింది.
ఇరవై రెండేళ్ళుగా నీళ్ళు కడుగుతున్నాను,
ఈత రాదు.

శనివారం ఈలలు, అరుపులు, తడి పాదాల చప్పుడు.
రేసులో అందరికంటే వెనకబడ్డ పిల్ల
గోడ ముట్టుకుని, ఊపిరి పీల్చుకుని,
ఎవరూ చెప్పకుండానే మునిగింది.
తేలి, మోచేతుల మీద గట్టుకు వేలాడి
"మామా, ఇది నీదా?" అంది.

జవాబు చెప్పాలి.
నా చూపు మాత్రం దాని తల మీదుగా, మోటారు గదిలోకి.

డెబ్బై ఒకటి.