ఉప్పు దంచే చేయి

నూట డెబ్బయ్యారు మీద నూట రెండు.
లామ్‌జీరా అంకెలు చదివి ఊరుకుంది.
నేనూ ఊరుకున్నాను.
కిటికీ అవతల ఎన్‌గూరి నది ఒక్కటే
ఊరుకోలేదు.

"నొప్పేమైనా ఉందా, మక్వలా?"
లేదు.
"కళ్ళు తిరగడం?"
పొద్దున్నే గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని
రాతిబురుజు నిచ్చెన రెండుసార్లు ఎక్కి దిగాను.
ఏమీ లేదు.
"అదే దీని గుణం.
మంచు కింద ఏరు.
పైన నడిచేవాడికి అంతా నేలే."

తర్వాత నా చేతులు చూసింది.
పసుపెక్కిన వేళ్ళు,
ఎన్ని కడిగినా వదలని వెల్లుల్లి వాసన.
స్వనేతి చూడవచ్చిన వాళ్ళ సంచుల్లో
నేను దంచిన ఉప్పుసీసా ఒకటైనా ఉంటుంది.
వెల్లుల్లి, ధనియాలు, నీలిమెంతి,
కొండజీలకర్ర, ఎండిన బంతిరేకులు, మిరప,
ఆపైన ఉప్పు, ఉప్పు, ఉప్పు.
ఉప్పమ్మి ఇంటికి రేకులు వేయించాను.
ఉప్పమ్మి చూడి ఆవును కొన్నాను.
తిన్న ఉప్పుకు ద్రోహం చేయకూడదు, నిజమే.
తిన్న ఉప్పే ద్రోహం చేస్తే
ఏ పంచాయితీకి వెళ్ళాలి?

నవ్వాను.
తమ్ముడు బీముర్జా కూడా ఇలాగే నవ్వాడు.
నిరుడు విందులో కొమ్ములో ద్రాక్షసారా పట్టుకుని
పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటూ
నాలుగో పేరు దగ్గర
వాడి నోరు ఒక పక్కకు జారింది.
ఐదో పేరు వాడిదేననుకున్నాం.
కాదు, బతికాడు.
ఇప్పుడు ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి
బల్లమీద పెట్టుకుంటాడు,
పొరుగింటి పసివాణ్ణి కూచోబెట్టినట్టు.
వాడి సొరుగులో మాత్రల అట్టలు దొరికాయి.
నాలుగు గుంటలు ఖాళీ, ఇరవయ్యారు నిండు.
"బాగానే ఉన్నాగా, మానేశాను."

బాగున్నప్పుడు వేసుకునే మందు!
యాభయ్యెనిమిదేళ్ళలో నాకెవరూ చెప్పని సంగతి.
రోజూ పాలు పితికాక ఒకటి.
ఆవు మరిచిపోనివ్వదు కనక నేనూ మరిచిపోను.

కొలిచే యంత్రం ఇంటికి తెచ్చుకున్నాను.
దానికో పద్ధతుంది.
కాళ్ళు నేలకు ఆనాలి, వీపు కుర్చీకి ఆనాలి,
చెయ్యి గుండె ఎత్తున ఉండాలి,
ముందు ఐదు నిమిషాలు మాటాపలుకూ లేకుండా కూచోవాలి.
ఐదు నిమిషాలు!
పురిట్లో కూడా కూచోలేదు నేనలా.
మొదటిరోజు రెండో నిమిషానికే లేచి
పొయ్యి ఎగదోశాను.

కూచోవడం వచ్చాక
ఎక్కడినుంచో నానమ్మ వచ్చింది.
రోడ్డు లేని రోజులు. కనుమ దాటి
కంచరగాడిద మీద వచ్చేది ఉప్పు.
తాళం వేసిన పెట్టెలో, గింజల్లా లెక్క.
ఉన్న చిటికెడు చలికాలమంతా సరిపోవాలని
ఆకూ గింజా పువ్వూ కలిపి
ఉప్పున్నట్టు నాలుకను నమ్మించేది.
అదీ మన ఉప్పంటే.
లారీలొచ్చాయి, బస్తాలొచ్చాయి,
ఉప్పు చవకై వెల్లుల్లి ప్రియమై
నా చేతిలోనే పాళ్ళు తలకిందులయ్యాయి.

ఈసారి నానమ్మ లెక్కన దంచాను.
మెస్తియా బజారులో సీసా వాసన చూసి
"చప్పగా ఉందే" అన్నాడు కొట్టువాడు,
సగమే తీసుకున్నాడు.
బీముర్జా బంగాళాదుంప మీద చల్లుకుని
చాలాసేపు నమిలాడు.
పక్కకు ఒరిగిన నోటితో ఒకటే మాట:
"నానమ్మ."

అంతా చక్కబడిందని చెప్పను.
జున్నులో ఉప్పు తగ్గించలేకపోతున్నాను,
పెళ్ళివిందుల్లో చెయ్యి నా మాట వినదు.
నిన్న నూట నలభై ఆరు, ఇవాళ నూట యాభై రెండు.
సముద్రం నేనెన్నడూ చూడలేదు,
దాని పోటుకు ఆటు ఉంటుందట.
నా నెత్తుటి పోటుకు ఆటు
ఈ వేళ్ళతో రోజూ నేనే తేవాలి.

మళ్ళీ కూచున్నాను.
పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తున.
పట్టీ బిగుసుకుంటోంది,
చీకటి బురుజులో ఎవరో నా చెయ్యి పట్టుకుని
"నిచ్చెన మెట్టు, చూసుకో" అన్నట్టు.