మూడో పొర దాకా

గుండ్లాపల్లి షెడ్డులో నైట్ షిఫ్టు.
బల్ల మీద మూడు పొరల పలక.
పైన నల్లటి కార్బన్ నార, నడుమ టైటానియం,
అడుగున అల్యూమినియం.
మూడింటికీ కలిపి ఒకటే చిల్లు.
చిల్లు పడితే చాలదు,
మూడు చోట్లా ఒకే కొలత రావాలి.

మొదటి పొర చుట్టలు తిరగదు.
పొడైపోతుంది, చిమ్నీ గాజు మసిలాగా.
వాక్యూమ్ గొట్టం ఆనించే ఉంచుతాను.
అయినా ఇంటికెళ్లి ముక్కు చీదితే నలుపే.

అంతలో కూత మారుద్ది.
స్క్రీను కంటే ముందు నా దవడకి తెలుస్తుంది
టైటానియం తగిలిందని.
వేగం తగ్గించాలి. నూనె చుక్క.
కాస్త కొరకడం, వెనక్కి రావడం.
ఏమరితే ఎర్రగా కాలిన చుట్ట
దిగిన దారినే పైకి ఎగబాకి
కార్బన్ గోడని గీరేస్తుంది.
నడిమిదాని కోపం పైదాని ఒంటి మీద.

మూడోది వెన్నముద్ద.
అక్కడే బిట్టు ఉరుకుతుంది.
"అయిపోయిందనుకున్న కాడే
చెయ్యి బిగబట్టాలమ్మే" అంటాడు నాగూర్ మామ.

చీమకుర్తి క్వారీలో ఇరవై ఆరేళ్లు
నల్లరాయికి చిల్లులేసినోడు.
కంప్రెసరు ఆయన చెవులు రెండూ తినేసింది.
ఇప్పుడు మా గేటు కాడ వాచ్‌మన్.
లారీ హారన్ కొడితే కాదు,
లైట్లు గోడ మీద పడితే లేస్తాడు.

ఈ రాత్రి నలభై మూడో చిల్లు.
కొలత సరిపోయింది, అంచు నున్నగానే ఉంది.
రూపాయి బిళ్ళతో చుట్టూ కొట్టి చూశా.
టిక్కు, టిక్కు, టిక్కు,
ఒక్క చోట టప్పు.
నిజంగానా, నిద్రమత్తా?
ఇంకోసారి కొడితే టిక్కే అంది.

పలకని ట్రాలీ మీద గేటు దాకా తోసుకెళ్లా.
మామ టీ గ్లాసు కింద పెట్టాడు.
బిళ్ళ ఇస్తే వద్దన్నాడు.
ఒక చేతి గోటితో కొడుతూ
రెండో చేతి మునివేళ్లు పక్కనే ఆనించి
కళ్లు మూసుకున్నాడు,
ఎటు చీలతావని బండని అడుగుతున్నట్టు.

హైవే మీద ఒంగోలు బస్సు పోయింది.
దాని అదురు తగ్గిందాకా ఆగాడు.

"పొర లేచిందే!" అని అరిచాడు,
వినపడనోళ్లు మాట్లాడేంత గట్టిగా.
"ఇదో, ఈ పక్కన. గోరంత."

స్కానింగు మేడం ప్రిసిల్లా వచ్చేది తొమ్మిదికి.
అప్పటిదాకా ఎర్ర పెన్సిల్‌తో గోరంత గీత గీసి
రిజిస్టర్లో పరీక్ష ఎట్లా చేశారన్న గడి దగ్గర
కాసేపు ఆగి
'నాగూర్ విన్నాడు' అని రాశా.

బిట్టు మార్చాలి. పాతది ఇంకా వేడిగా ఉంది.