కొసరు

తునికాకు కట్టకు యాభై ఆకులు.
యాభై అంటే నా రెండు చేతులు ఐదుసార్లు.
గంత వరకే నాకు లెక్కొస్తుండె.
ఆపైన కల్లేదారు చెప్పిందే లెక్క.

తాడ్వాయి అడవిల పొద్దు పొడవక ముందే
టార్చిలైటు పట్టుకొని పోతం.
ఎలుగుబంటికి ఇప్పపువ్వు, మాకు ఆకు,
ఒకరి దారికి ఒకరం అడ్డం రాం.
పోయినేడు నా ఎంబడి కోసి వచ్చింది, మా అన్న బిడ్డ,
ఏటూరునాగారం ఆశ్రమ బడిల పది రాసి.
బడి రిజిస్టర్ల ఆమె పేరు కౌసల్య.
కోసి అని రాయ సారుకు మనసొప్పలేదట.
పిలిస్తే రెండు పేర్లకూ పలుకుతది,
రెండో పేరుకు కొద్దిగ ఆలిశ్యంగ.

ఇసుకల కట్టలు పరిచినం, వరుసకు వంద.
కల్లేదారు నడుసుకుంట లెక్కవెట్టిండు.
నూటికి ఐదు కొసరు. అది మా తాతల నాటి సంది ఉన్నదే,
వానకు తడిసినట్టు తడుస్తం, అడగం.
కార్డు మీద ఏదో గీకి నా చేతుల పెట్టిండు.
మడిచి కొంగుల కట్టుకోబోతే
కోసి గుంజుకొని చదివింది.
"అత్తా, మనయి రెండు వందలు.
కొసరు పది పోయినా నూట తొంభై.
ఈడ నూట డెబ్బై రాసిండ్రు."

గట్టిగ అనలే.
అయినా కల్లంల గాలి ఆగింది.
అందరి చేతులూ ఎవరి కార్డు మీదికి వాళ్ళయి పోయినయి,
తెరిచినోళ్ళు లేరు.
తెరిచి ఏం చూస్తరు?

కల్లేదారు నవ్విండు, దిద్దిండు.
"సదువుకున్న పిల్ల" అన్నడు, తిట్టినట్టు.

తెల్లారి మా గూడెం ఆకంత
చిల్లులన్నడు, ముదురన్నడు,
రెండు దినాలు కొనలే.
ఇండ్ల ముందట ఎండిన ఆకు గలగలమంటుంటే
కోపం కల్లేదారు మీదికి పోలే.
పటేలు అన్నడు:
"ఆడపిల్ల నోట్లె అక్షరం, ఎండాకుల నిప్పురవ్వ.
ఇగ సాలు. సంబంధం చూడుండ్రి."
అన్న తలకాయ దించుకున్నడు.
కోసి ఏడ్వలే. గోలెంల నీళ్ళు పోసింది,
మల్ల పోసింది, పొర్లి వాకిలి తడిసేదాక.

నేను రెండో తరగతి దాక పోయిన.
వాగు పొంగిన ఏడు బడి పందిరి కొట్టుకపోయింది.
మల్ల ఎవరూ వెయ్యలే. నేనూ అడగలే.
నా పలక మీద మా అమ్మ ఎండుచేపలు ఆరవెట్టింది.

ఆ రాత్రి కోసిని లేపి అడిగిన:
ఏడు ఎట్ల రాస్తరు?
పొయ్యి బూడిదల గీసి చూపింది.
కొడవలి లెక్కనే ఉన్నది.
ఇన్నేండ్లు కొంగుల ముడేసుకొని తిరిగింది
కొడవలినా?

జూన్ల హన్మకొండల సీటొచ్చింది, గురుకులం కాలేజిల.
పటేలుకు ఎవరం చెప్పలే.
నాలుగు గంటలకు లేచి రేకు పెట్టె బయట పెట్టిన.
అన్న మంచంల అటు తిరిగి పండుకున్నడు,
ఊ అనలే, ఆ అనలే.
సైకిల్ టైర్లల్ల మాత్రం గాలున్నది.
రాత్రి లేదు. నేను ఒత్తి చూసిన.

పస్రా కాడ బస్సు కోసం నిలవడ్డం.
పిల్ల మెడల తాళంచెవి, చేతుల ఇప్పలడ్ల మూట.
"ఆడ ఏ పేరు రాయియ్యాలె అత్తా?" అన్నది.
నాకేం తెలుసు.
"పిలిస్తే ఆలిశ్యం కానిది" అన్న.
బస్సొచ్చింది. కండక్టరు పెట్టెకు కూడ టికెట్టు కొట్టిండు.

ఈ ఏడు ఆకు సక్కగ లేదు, వానలు ముందే పడ్డయి.
కార్డు ఇయ్యంగనే నేను మడవలే.
కల్లంల నిలవడి చూసిన.
ఒకటి దొరికింది. ఏడు దొరికింది.
ఆరూ ఎనిమిదీ ఇంకా కలెగల్సిపోతున్నయి.
"ఏంది?" అన్నడు కల్లేదారు.
"ఏం లే" అన్న.
కని జరగలే.
నా ఎనక లైను పెరుగుతున్నది.